యుద్ధం ముదురుతుందా లేదా ముందే అంచనా కట్టొచ్చా? గుంట ఇప్పుడే పట్టెయ్యాలా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. ఇందుకూరుపేట వైపు మీకు మూడెకరాల వనామి రొయ్యల గుంట ఉంది, సరుకు 60 కౌంటుకు, అంటే కిలోకు 60 రొయ్యలు తూగేదాకా వచ్చింది. ఇంకో ఇరవై రోజులు మేపితే 45 దాకా తీయొచ్చు. ఇంతలో టీవీ పెడితే ఇరాన్, ఇజ్రాయెల్, ఎర్ర సముద్రం. ఏజెంటేమో "యుద్ధం ముదిరితే కంటైనర్లు కదలవు, ఇప్పుడే పట్టెయ్" అని రోజుకు రెండుసార్లు ఫోన్ చేస్తున్నాడు. రెండు దేశాల గొడవ ముదురుతుందో లేదో అంచనా కట్టడానికి పద్ధతంటూ ఉందా, లేక అంతా గాలి కబుర్లేనా అని మీ ప్రశ్న.

పద్ధతి ఉంది. అయితే అది "వస్తుంది", "రాదు" అని చెప్పదు, నూటికి ఇంత అని చెబుతుంది. ఏ వివరమూ తెలియనప్పుడు మొదట అనుకోవాల్సింది ఈ గొడవ పూర్తి యుద్ధం దాకా పోదనే. ఆ అంకెను పైకి జరపాల్సింది నాయకుల మాటలను బట్టి కాదు, డబ్బు ఖర్చయ్యే, వెనక్కి తీసుకోవడం కష్టమయ్యే కదలికలను బట్టి. ఇక మీ గుంట విషయంలో యుద్ధం వస్తుందా అన్నది అసలు ప్రశ్నే కాదు. కొనే ధర పడుతుందా అన్నది ప్రశ్న. ఈ రెంటికీ చాలా దూరం. చివర్లో లెక్క వేసి చూపిస్తాను. మీ లెక్క ప్రకారం ఇప్పుడే పట్టెయ్యాల్సిన అవసరం కనబడటం లేదు.

మొదట ప్రశ్నను బిగించాలి. "ముదురుతుందా" అని అడిగితే జవాబు చెప్పినవాడు ఎప్పుడూ ఓడిపోడు. సరిహద్దులో నాలుగు గుళ్లు పేలినా "చెప్పానా" అంటాడు, పేలకపోయినా "ఇంకా టైముంది" అంటాడు. కాగితం మీద ఇలా రాసుకోండి: ఫలానా తేదీలోపు, ఫలానా దేశపు సైన్యం, ఫలానా దేశం భూభాగం మీద క్షిపణో విమానమో ప్రయోగిస్తుందా, ప్రయోగించామని ఆ ప్రభుత్వమే ఒప్పుకుంటుందా? తేదీ, ఎవరు, ఏం చేస్తే, ఎవరు ఒప్పుకుంటే. ఈ నాలుగింటిలో ఏది లేకపోయినా అది జోస్యం కిందే లెక్క. మీ విషయంలో తేదీ ఇరవై రోజులు. ఆరు నెలల తర్వాత ఏమవుతుందన్నది ఈ పంటకు అక్కర్లేదు.

ఆ తర్వాత పాత లెక్క. దేశాల మధ్య గొడవలను 1816 నుంచి పట్టిక వేసిన పరిశోధన ఒకటి ఉంది. మిషిగన్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ సింగర్ 1963లో మొదలుపెట్టాడు. అందులో గొడవకు నాలుగు మెట్లు: బెదిరింపు, బల ప్రదర్శన, బల ప్రయోగం, యుద్ధం. పోరులో వెయ్యిమంది సైనికులు చనిపోతేనే యుద్ధం అని లెక్కిస్తారు. మొదటి మూడు మెట్ల మీదికి ఎక్కిన గొడవలు రెండు వేల పైచిలుకు ఉంటే, నాలుగో మెట్టుకు పోయినవి నూటికి ఐదుకు అటూ ఇటూ. టీవీలో బాకా ఊదే ప్రతిసారీ మీరు మొదలుపెట్టాల్సిన అంకె అది, యాభై కాదు. "అవునో కాదో తెలీదు కాబట్టి సగం సగం" అనుకోవడమే ఈ పనిలో అందరూ చేసే మొదటి తప్పు.

అయితే ఐదు దగ్గరే కూర్చోకూడదు. ఆ రెండు దేశాల చరిత్రను బట్టి, మీరు అడిగే మెట్టును బట్టి అది మారుతుంది. మనకు బాగా తెలిసిన జంటనే తీసుకోండి. భారత్–పాకిస్తాన్ మధ్య పెద్ద ఉగ్రదాడి తర్వాత మన సైన్యం అవతలి వైపు దెబ్బ కొడుతుందా అన్నది ప్రశ్న అనుకుందాం. 2001 డిసెంబరు 13న పార్లమెంటు మీద దాడి జరిగింది. సైన్యాన్ని సరిహద్దుకు తరలించడానికే మూడు వారాలు పట్టింది, దాదాపు పది నెలలు అక్కడే ఉంచారు, యుద్ధం మాత్రం జరగలేదు. 2008లో ముంబయి దాడిలో 166 మంది పోయారు, సైనిక చర్య లేదు. 2016లో ఉరీ దాడి జరిగిన 11 రోజులకు సర్జికల్ స్ట్రయిక్స్. 2019లో పుల్వామా తర్వాత 12 రోజులకు బాలాకోట్. 2025 ఏప్రిల్ 22న పహల్గాం, 15 రోజులకు ఆపరేషన్ సిందూర్. అయిదింట్లో మూడుసార్లు కొట్టారు, ఆ మూడూ చివరివే. అంటే పాత సగటు కంటే ఈమధ్య నడత ముఖ్యం. ఇక్కడ 60 శాతం అన్నా తక్కువే అవుతుంది. ఇంకోటి, ఆ మూడుసార్లూ 11 నుంచి 15 రోజుల మధ్యలోనే జరిగింది. దాడి జరిగిన మూడో రోజున "ఏమీ కాలేదు, చల్లబడింది" అన్నవాళ్లు మూడుసార్లూ తప్పారు.

కానీ అదే జంటకు "పూర్తి యుద్ధం వస్తుందా" అని ప్రశ్న మారిస్తే అంకె ఒక్కసారిగా పడిపోతుంది. 2019లో బాలాకోట్ మరుసటి రోజే పాకిస్తాన్ ఎదురు దెబ్బ కొట్టింది, మన పైలట్ పట్టుబడ్డాడు, మార్చి 1న వదిలేశారు, గొడవ అక్కడ ఆగింది. 2025లో మే 7న మొదలైంది మే 10 సాయంత్రానికి ఆగింది. ఒకే గొడవలో ఒక మెట్టుకు 60, పై మెట్టుకు 5 ఉండొచ్చు. ఏజెంటు చెప్పే "యుద్ధం" ఏ మెట్టు అని అడిగి చూడండి, ఆయనకే తెలీదు.

ఇక గుర్తులు. ఇక్కడే ఎక్కువమంది పల్టీ కొడతారు. మంత్రుల హెచ్చరికలు, సైన్యాధిపతి ప్రసంగం, "కనీవినీ ఎరగని రీతిలో బదులిస్తాం" లాంటి మాటలకు దాదాపు ఏ విలువా ఇవ్వకండి. ముదిరే గొడవలోనూ అంటారు, ముదరని గొడవలోనూ అంటారు. రెండు చోట్లా సమానంగా కనబడే గుర్తు ఏమీ చెప్పదు. మీ గుంటలో ఏరియేటర్ తిరగడం చూసి ఆక్సిజన్ సరిపోతోందని అనలేరు గదా, తెల్లవారుజామున రొయ్య అంచుకు వచ్చి పైకి తేలుతోందా అని చూస్తారు. ఇదీ అంతే.

దీనికి ఉక్రెయిన్ మంచి పాఠం. 2021 వసంతంలోనూ రష్యా దాదాపు లక్షమందిని సరిహద్దుకు తెచ్చింది. ఏప్రిల్ చివర్లో వెనక్కి పంపుతున్నామంది, యుద్ధం రాలేదు. అదే ఏడాది చలికాలంలో మళ్లీ తెచ్చింది. టీవీలో రెండు బొమ్మలూ ఒకేలా ఉన్నాయి, ట్యాంకులు వరసగా నిలబడి. తేడా ట్యాంకుల్లో లేదు. రెండోసారి గాయపడేవాళ్ల కోసం రక్త నిల్వలను కూడా సరిహద్దు దగ్గరికి చేరవేస్తున్నారని 2022 జనవరి చివర్లో వార్త వచ్చింది. రక్తం నెలల తరబడి నిలవుండదు, బెదిరింపు కోసం ఎవరూ మోసుకురారు. ఫిబ్రవరి 14న అమెరికా తన రాయబార కార్యాలయాన్ని కీవ్ నుంచి లివివ్‌కు మార్చింది. ఫిబ్రవరి 15న లండన్ బీమా మార్కెట్టులోని సంయుక్త యుద్ధ కమిటీ నల్ల సముద్రంలో రష్యా, ఉక్రెయిన్ జలాలను ముప్పు జాబితాలో చేర్చింది. అదే రోజు రష్యా "కొన్ని దళాలు వెనక్కి పోతున్నాయి" అని ప్రకటించింది. నోటి మాట ఒక వైపు, రక్తం సంచులూ బీమా రేటూ ఇంకో వైపు. తొమ్మిది రోజులకు, ఫిబ్రవరి 24న దాడి మొదలైంది.

కాబట్టి గట్టి గుర్తులంటే ఇవీ: ఆసుపత్రి గుడారాలు, రక్తం, ఇంధన ట్యాంకర్లు, తాత్కాలిక వంతెనల సామాను ముందుకు కదలడం. రాయబార సిబ్బంది కుటుంబాలను పంపించేయడం. సెలవులు రద్దుచేసి రిజర్వు బలగాలను పిలవడం. పౌర రక్షణ విన్యాసాలు. 2025 మే 5న మన కేంద్రం మే 7కి మాక్ డ్రిల్ పెట్టమని రాష్ట్రాలకు చెప్పింది, ఆ డ్రిల్ పొద్దు పొడిచేలోపే సిందూర్ జరిగిపోయింది. ఓడల యుద్ధ బీమా ప్రీమియం పెరగడం కూడా గట్టి గుర్తే, ఎందుకంటే ఆ అంకె తప్పితే బీమా కంపెనీ సొంత డబ్బు పోతుంది.

నోటామ్ అనే మాట టీవీలో తెగ వాడుతున్నారు కాబట్టి దాని సంగతి కొంచెం విడిగా. ఫలానా ఆకాశంలోకి ఫలానా వేళల్లో రావద్దని విమానాలకు ఇచ్చే నోటీసు అది. మన తీరంలో దీని కథ అందరికీ తెలిసిందే. శ్రీహరికోటలో రాకెట్ ఎగరబోతుంటే ముందే విమానాలకు నోటామ్ వస్తుంది, చుట్టుపక్కల తీర గ్రామాల పడవలకు వేటకు పోవద్దని కబురొస్తుంది. అది యుద్ధానికి గుర్తు కాదు గదా. బంగాళాఖాతంలో క్షిపణి పరీక్షకూ ఇదే పద్ధతి. ఉద్రిక్తత ఉన్న వారంలో అదే మామూలు నోటీసును పట్టుకుని "సముద్రం మూసేశారు" అని ఊదుతారు. చూడాల్సింది మూడు: పరీక్షలు ఎప్పుడూ జరిగే చోటేనా, కొత్త చోటా; కొన్ని గంటలేనా, తేదీలు పొడిగిస్తూ పోతున్నారా; సముద్రం మీదా, లేక సరిహద్దు విమానాశ్రయాల మీదా. 2025 మేలో మన ఉత్తర, పశ్చిమ భాగాల్లో 32 విమానాశ్రయాలను పౌర విమానాలకు మూసేశారు. అది గట్టి సంగతే, కానీ అప్పటికే పోరు నడుస్తోంది. ఆలస్యంగా వచ్చే గుర్తు ముందే అంచనా కట్టడానికి పనికిరాదు.

చల్లబడే గుర్తులు కూడా చూడాలి, వాటిని ఎవరూ చూపించరు. భారత్, పాకిస్తాన్ అణు కేంద్రాల జాబితాలను 1992 నుంచి ఏటా జనవరి 1న ఇచ్చిపుచ్చుకుంటాయి. 2002 జనవరిలో లక్షల సైన్యం ఎదురెదురుగా నిలబడి ఉన్నప్పుడు కూడా ఇచ్చుకున్నాయి. క్షిపణి పరీక్షలను ముందే తెలియజేసుకోవాలని 2005లో ఒప్పందం ఉంది. రెండు సైన్యాల డీజీఎంఓల (సైనిక కార్యకలాపాలు చూసే పెద్ద అధికారుల) మధ్య హాట్‌లైన్ ఉంది. ఇలాంటి రివాజులు నడుస్తున్నంత కాలం రెండు వైపులా పగ్గాలు చేతిలో ఉన్నాయని అర్థం.

అంకెను ఎంత జరపాలి? చేతి లెక్క ఇది. నూటికి ఐదు అంటే ఇరవై గొడవల్లో 1 ముదురుతుంది, 19 ముదరవు. రాయబార కుటుంబాలు వెళ్లిపోవడమనే గుర్తు, ముదరని వాటిలో కంటే ముదిరిన వాటిలో నాలుగు రెట్లు ఎక్కువగా కనబడుతుందని మీ అంచనా అనుకోండి. ముదిరే వైపు అంకెను నాలుగుతో గుణించండి: 4, అవతల 19 అలాగే. 4ని 23తో భాగిస్తే 17 శాతం. తర్వాత బీమా రేటు పెరిగింది, దానికి మూడు రెట్లు అనుకుంటే 12, అవతల 19. 12ని 31తో భాగిస్తే 39 శాతం. రెండు గట్టి గుర్తులు వచ్చాక కూడా సగానికి చేరలేదు చూడండి.

ఇక్కడ ఒక గుంత ఉంది, చాలామంది పడేది. ఒకే వార్తను నాలుగు చానళ్లు చెబితే అది నాలుగు గుర్తులు కాదు. అమెరికా కుటుంబాలు వెళ్లిపోయాయని తెలిసే బీమా వాళ్లు రేటు పెంచి ఉంటే, రెండూ కలిపి ఒకటిన్నర గుర్తు కింద లెక్క. విడివిడిగా గుణిస్తే అంకె ఊరికే ఉబ్బుతుంది.

ఏమీ జరగకపోతే తగ్గించాలి. దీన్ని ఎవరూ చేయరు. నెలకు 10 శాతం ముప్పు అనుకుంటే మూడు నెలలకు 27 శాతం అవుతుంది, 30 కాదు. మొదటి నెల ఖాళీగా పోతే మిగిలిన రెండు నెలలకు 19. ఇలా తగ్గించకుండా పాత 27నే పట్టుకుని వేలాడితే, సంవత్సరం పొడుగునా "రేపే యుద్ధం" అంటూ కూర్చుంటారు.

మీ అంచనాలు ఎంత బాగున్నాయో చూసుకోవడానికి 1950లో గ్లెన్ బ్రయర్ అనే వాతావరణ శాస్త్రవేత్త ఇచ్చిన కొలత ఉంది. వాన అంచనాల కోసం తయారుచేసింది. మీరు చెప్పిన అంకెకూ జరిగినదానికీ (జరిగితే 1, లేకపోతే 0) తేడా తీసి దాన్ని దానితోనే గుణించడం. ఎంత తక్కువ వస్తే అంత మంచిది. 80 శాతం అన్నారు, జరిగింది: 0.04. జరగలేదు: 0.64. ఎప్పుడూ యాభై అనేవాడికి ప్రతిసారీ 0.25. అందుకే మరీ ధీమాగా 90, 95 అనేవాళ్లు ఒక్కసారి తప్పితే, యాభై అనేవాడి మీద రెండు మూడు ఒప్పుల్లో సంపాదించిన లాభం కొట్టుకుపోతుంది. ఏజెంటు మాటలను కూడా ఓ నోటు పుస్తకంలో తేదీతో రాసిపెట్టండి, ఆరు నెలల తర్వాత తీసి చూస్తే సరదాగా ఉంటుంది.

పద్ధతి ఎక్కడ తప్పుతుంది. మూడు చోట్ల. మొదటిది, చర్చల తేదీ. 2025 జూన్ 15న ఒమన్‌లో అమెరికా, ఇరాన్ కూర్చోవాల్సి ఉంది. అందరూ ఆ తేదీ దాకా ఏమీ జరగదనుకున్నారు. జూన్ 13 తెల్లవారుజామున ఇజ్రాయెల్ ఇరాన్‌ను కొట్టింది. చర్చల తేదీ ఉందని అంకె తగ్గించే ముందు, జూన్ 11నే అమెరికా బాగ్దాద్ నుంచి సిబ్బందిని తగ్గించడం మొదలుపెట్టిందన్నది చూసి ఉండాల్సింది. రెండోది, విసుగు. 1973లో ఈజిప్టు పదేపదే విన్యాసాలు చేసింది, మేలో ఇజ్రాయెల్ డబ్బు పోసి బలగాలను పిలిస్తే ఏమీ జరగలేదు. అక్టోబరులో మళ్లీ అదే బొమ్మ కనబడితే తేలిగ్గా తీసుకున్నారు. సోవియట్ సలహాదారుల కుటుంబాలు ఈజిప్టు నుంచి విమానాల్లో వెళ్లిపోతున్నా కూడా. అక్టోబరు 6న యుద్ధం. మూడోది, ప్రమాదం. 2022 మార్చి 9న మన క్షిపణి ఒకటి పొరపాటున పోయి పాకిస్తాన్‌లోని మియాఁ చన్నూ దగ్గర పడింది. మామూలు రోజు కాబట్టి విచారణతో సరిపోయింది. 2020 జనవరి 8న ఇరాన్ అప్రమత్తంగా ఉన్న గంటల్లో ఉక్రెయిన్ ప్రయాణికుల విమానాన్ని శత్రువనుకుని కూల్చేసింది, 176 మంది పోయారు. పొరపాటు రెండు చోట్లా పొరపాటే, చేతులు ట్రిగ్గరు మీద ఉన్న వారంలో దాని ఖరీదు వేరు. అందుకే వేడి బాగా ఉన్న రోజుల్లో ఏ గుర్తూ లేకపోయినా రెండు మూడు శాతం అదనంగా ఉంచుకోండి.

ఇప్పుడు మీ గుంట. అంకెలు లెక్క కోసం వేస్తున్నవి, మీ అంకెలు పెట్టుకోండి. ఇవాళ పడితే ఖర్చులు పోను 9 లక్షలు. ఇరవై రోజులు ఆగితే మేత, కరెంటు పోను 11. ఆగాక ధర కూలితే 7. ఎంత ముప్పు ఉంటే ఇవాళ పట్టడం మేలు? ధర కూలే అవకాశం సగం ఉంటే ఆగినా సగటున 9 లక్షలే, అంటే రెండూ సమానం. సగం దాటితేనే ఇప్పుడే పట్టాలి.

గొడవ ముదిరే అవకాశం పైన లెక్కలో వచ్చిన 39 శాతమే అనుకుందాం, ఇరవై రోజుల్లో అంటే అదీ ఎక్కువే. ముదిరితే మన ధర కూలుతుందా? మన రొయ్యలకు పెద్ద కొనుగోలుదారు అమెరికా, తర్వాత చైనా. ఇరాన్ పక్కనున్న హొర్ముజ్ జలసంధి దారి మన సరుకుది కాదు. 2025 జూన్‌లో ఇరాన్, ఇజ్రాయెల్ మధ్య పన్నెండు రోజుల యుద్ధం జరిగింది. మొదటి రోజు ముడి చమురు దాదాపు 7 శాతం ఎగిరింది, కాల్పుల విరమణ రోజుకు యుద్ధానికి ముందున్న ధర కంటే కిందికి దిగింది. కాబట్టి ముదిరినా మూడో వంతు సార్లే ధర కూలుతుందనుకోండి. 39లో మూడో వంతు 13. మీకు కావాల్సింది 50. గుంటలో వైట్ స్పాట్ వైరస్ తెగులు వచ్చే ముప్పే దీనికంటే జాస్తి కావచ్చు. రొయ్య మేత తినడం తగ్గితే దానికి భయపడి పట్టండి.

తిరగేసి కూడా చూడాలి. 2023 నవంబరు నుంచి ఎర్ర సముద్రంలో యెమెన్‌కు చెందిన హౌతీ తిరుగుబాటుదారులు ఓడల మీద దాడి చేస్తే, ఏ రెండు దేశాలూ యుద్ధం ప్రకటించకుండానే ఓడలు ఆఫ్రికా చుట్టూ తిరిగాయి. పది, పద్నాలుగు రోజులు అదనం, బాడుగలు పెరిగాయి. 2025 ఆగస్టులో అమెరికా సుంకం 50 శాతానికి పోయినప్పుడు ఒక్క గుండు పేలలేదు, రొయ్య ధర మాత్రం పడింది. మీ ధర యుద్ధ వార్తలతో ముడిపడి లేదు, బాడుగతోనూ సుంకంతోనూ ముడిపడి ఉంది.

మరీ భయంగా ఉంటే మూడో వంతు సరుకు ఇప్పుడు పట్టి మిగతాది ఉంచండి. గుంట పలచబడితే ఉన్నవి త్వరగా పెరుగుతాయి కూడా. అయితే వల లాగిన రోజు అడుగు బురద రేగుతుంది, ఆ రాత్రి ఏరియేటర్లు ఆపొద్దు.

సొంతంగా ఎగుమతి చేసేవాళ్లు ఇది చదువుతుంటే రెండు మాటలు. సరుకు బీమాలో యుద్ధ ముప్పు మామూలు పాలసీలో ఉండదు, విడిగా రాయించుకోవాలి. అది సరుకు ఓడ మీద ఉన్నంతవరకే, గోడౌన్లో ఉన్నప్పుడు వర్తించదు. బీమా వాళ్లు సాధారణంగా ఏడు రోజుల నోటీసుతో రద్దు చేయొచ్చు, కాబట్టి గొడవ మొదలయ్యాక కొనుక్కుందాం అనుకుంటే కుదరదు. కొనుగోలుదారు దేశంలో యుద్ధం వచ్చి డబ్బు ఆగిపోతే దానికి ఈసీజీసీ (ఎగుమతిదారులకు రావాల్సిన డబ్బుకు బీమా ఇచ్చే ప్రభుత్వ సంస్థ) కవరు వేరే.

కువైట్ వైపు మనవాళ్లున్న ఇళ్లకు ఒకటే సూచన. ఉక్రెయిన్‌లో మన రాయబార కార్యాలయం ఫిబ్రవరి 15న ఒకసారి, 20న ఇంకోసారి వెళ్లిపొమ్మని చెప్పింది. 24న ఆకాశం మూసేశారు. మొదటి సూచనకే టికెట్ తీసుకున్నవాళ్లు మామూలు విమానంలో వచ్చారు, చివరిదాకా ఆగినవాళ్లు చలిలో నడిచి సరిహద్దులు దాటారు.

ఏజెంటు ఈసారి ఫోన్ చేస్తే వాదించకండి. ఏ షిప్పింగ్ లైను, ఏ రేవు నుంచి, ఏ తేదీకి రీఫర్ (చల్లటి కంటైనర్) బుకింగులు ఆపిందో అడగండి. పేరూ తేదీ చెబితే అది గట్టి గుర్తు, ఆ కంపెనీకి మీరే ఫోన్ చేసి తేల్చుకోవచ్చు. చెప్పలేకపోతే, ఇవాళ ఆయనకు లారీ నిండటానికి సరుకు తక్కువైందని అర్థం.